వాడి పారేసే వస్తువుతో పాప్ ఆర్ట్ ప్రింట్: ఒక టూత్‌పేస్ట్ ట్యూబ్, మూడు రంగులు, ఇరవై కాపీలు

పాప్ ఆర్ట్ అనగానే చాలామంది ఫోన్‌లో ఏదో ఫిల్టర్ నొక్కి, ఫొటోకి గులాబీ, పసుపు రంగులు పులిమి, నాలుగు గళ్లలో పెట్టేసి అయిపోయిందనుకుంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ రెండు రోజుల తర్వాత దాన్ని మళ్లీ చూడబుద్ధి కాదు, ఎందుకంటే అందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని ఎవరూ కూర్చుని ఆలోచించలేదు. ఈ రకం ప్రింట్లలో అసలు కష్టం అక్కడే ఉంది. రోజూ చేత్తో పట్టుకుని కూడా ఎప్పుడూ సరిగ్గా చూడని ఒక వస్తువు చుట్టూ ఉన్నదంతా చెరిపేసి, వస్తువులో కూడా సగం చెరిపేసి, మిగిలినదాన్ని మూడు రంగుల్లో నిలబెట్టాలి.

నేను సగం వాడేసిన టూత్‌పేస్ట్ ట్యూబ్ ఒకటి తీసుకుని ఇరవై కాపీల స్క్రీన్ ప్రింట్ చేశాను, అంటే చట్రానికి బిగించిన సన్నటి వల గుడ్డలో తెరిచి ఉంచిన చోట్ల నుంచి మాత్రమే ఇంక్‌ని కాగితం మీదికి దించే పద్ధతి. దాన్నే పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెప్తాను. మీరు సబ్బు పెట్టె తీసుకున్నా, బ్యాటరీ సెల్ తీసుకున్నా, గిన్నెలు తోమే లిక్విడ్ బాటిల్ తీసుకున్నా చేసే పని ఇదే.

ముందు వస్తువు

దీనికి 1957లో రిచర్డ్ హామిల్టన్ అనే బ్రిటిష్ కళాకారుడు తన స్నేహితులకి రాసిన ఉత్తరం ఇప్పటికీ పనికొస్తుంది. పాప్ ఆర్ట్ అంటే ఏమిటో అందులో ఒక జాబితాలా రాశాడు: పదిమందికీ తెలిసినది, కొద్దికాలమే ఉండేది, వాడి పారేసేది, చవకది, గుట్టలు గుట్టలుగా తయారయ్యేది, ఇలా. మీ చేతిలో ఉన్న వస్తువుని ఈ మాటల ముందు పెట్టి చూడండి. పాత గ్రామఫోన్, తాతగారి గడియారం లాంటివి అందంగానే ఉంటాయి, కానీ వాటిని మనం దాచుకుంటాం. అయిపోగానే చెత్తబుట్టలో వేసేది కావాలి మనకి.

రెండో పరీక్ష ఆకారానిది. వస్తువు ఆకారాన్ని నల్ల కాగితంలో కత్తిరించి గోడకి అంటించి, గది అవతలి గోడ దగ్గర నిలబడి చూడండి. రంగూ అక్షరాలూ ఏమీ లేకుండానే అదేమిటో తెలిసిపోతే మీ పని సగం తేలికైనట్టే. టూత్‌పేస్ట్ ట్యూబ్‌కి ఆ అదృష్టం ఉంది: ఒక చివర మూత, దాని కింద భుజాలు, రెండో చివర అణిచి అతికించిన చదును అంచు, దాంతో ఎవరైనా గుర్తుపడతారు. అదే సర్ఫ్ పొడి అట్టపెట్టె అయితే ఉత్త దీర్ఘచతురస్రం, అందుకని అక్కడ బరువంతా రంగులూ అక్షరాలే మోయాలి. అమెరికన్ పాప్ కళాకారుడు ఆండీ వార్హోల్ గీసిన క్యాంప్‌బెల్ కంపెనీ సూప్ డబ్బాకి కూడా ఆకారం గొప్పదేం కాదు. పైన ఎరుపు, కింద తెలుపు అన్న ఆ విభజన పని చేసింది, అది 1898 నుంచీ ఆ లేబుల్ మీద ఉన్నదే. అంటే వార్హోల్ చేతికొచ్చేసరికే ఆ రెండు రంగులూ అరవై ఏళ్లకి పైగా జనం కళ్లలో పడి ఉన్నాయి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ వస్తువులో మీ కంటికి తగిలిన ఒక చిన్న సంగతి ఉండాలి. నా ట్యూబ్‌లో అది బొటనవేలు నొక్కిన చోట పడిన గుంట. రోజూ ఒకే చోట నొక్కడం వల్ల అక్కడ మూడు మడతలు పడ్డాయి, వాటి మీద వెలుతురు మూడు సన్నటి తెల్ల గీతల్లా నిలిచింది. ఆ మూడు గీతల కోసమే ప్రింట్ చేశాను. కొత్త ట్యూబ్ తెచ్చి పెట్టుకుంటే అది కంపెనీ ప్రకటనలా ఉండేది తప్ప నా బొమ్మ అయ్యేది కాదు.

ఒక జాగ్రత్త: ఆఖరి కాపీ ఆరేదాకా ఆ వస్తువుని పారేయకండి. నేను మొదటిసారి నల్ల రంగు పొర గీయకముందే ట్యూబ్ చెత్తలో పోయింది. ఇంకోటి తెచ్చి ఎన్నిసార్లు నొక్కినా అవే మడతలు రాలేదు, ఫొటోలో ఆ భాగం నీడలో కలిసిపోయి ఉంది, దాంతో మొత్తం మళ్లీ మొదటికొచ్చింది.

ఫొటో, ఆ తర్వాత గీత

ఫొటో మీరే తీయండి, నెట్‌లో దొరికింది వాడొద్దు, ఎందుకో చివర్లో చెప్తాను. వస్తువుని కెమెరా ఎత్తుకి సరిగ్గా ఎదురుగా పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి జూమ్ చేసి తీయండి. దగ్గర నుంచి తీస్తే మధ్య భాగం ఉబ్బి, అంచులు లోపలికి వాలిపోతాయి, ఆ వాలు చదునైన రంగుల్లో చాలా వికారంగా కనబడుతుంది. లైటు ఒకటే, ఒక పక్క నుంచి, అంతే. రెండు లైట్లు పెడితే నీడలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, అప్పుడు మడత ఎక్కడుందో తెలీదు.

ఇప్పుడు రంగులు విడదీయాలి. స్క్రీన్ ప్రింట్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్టెన్సిల్ (రంగు పడాల్సిన చోటే తెరిచి ఉండే అచ్చు) కాబట్టి, బొమ్మని పొరలుగా చీల్చుకోవాలి. కంప్యూటర్‌లో ఫొటో రంగులని రెండు మూడుకి కుదించే పోస్టరైజ్ అనే ఆప్షన్ నొక్కితే మూడు పొరలు క్షణంలో వచ్చేస్తాయి, కానీ అది చేసే పని నాకు నచ్చదు. దానికి మడత ఏదో మరక ఏదో తెలీదు, అన్నిటినీ ఒకే త్రాసులో తూస్తుంది. నేనైతే ఫొటోని అసలు సైజులో ప్రింట్ తీసుకుని, దాని మీద ట్రేసింగ్ పేపర్ వేసి, నల్ల మార్కర్‌తో చేత్తో గీస్తాను. గీసేటప్పుడు ప్రతి గీత దగ్గరా ఇది ఉండాలా వద్దా అని చెయ్యి ఆగుతుంది చూడండి, ఆ ఆగడమే కావాల్సింది.

ట్యూబ్‌కి నేను పెట్టుకున్న పొరలు ఇవి. మొదటిది పసుపు, ట్యూబ్ ఆకారమంతా ఒకటే ముద్ద, మడతల మీద వెలుతురు పడిన మూడు గీతలు మాత్రం ఖాళీ, అక్కడ కాగితం తెలుపే కనబడాలి. రెండోది ఎరుపు, మూతా, మధ్యలో అడ్డంగా పోయే ఒక పట్టీ. మూడోది నలుపు, అంచుల గీతలు, నీడలు, మూత మీద నిలువు గాడులు. అసలు ట్యూబ్ తెలుపూ నీలమూ, నేనే మార్చాను. ఉన్న రంగులే వేయాలని రూలేం లేదు, కాకపోతే మార్చేటప్పుడు ఒకటి ఎక్కువ చోటు తీసుకునే రంగు, ఒకటి దానితో గొడవపడే రంగు, ఒకటి ముదురుది, ఇలా పెట్టుకుంటే మూడూ ఒకేసారి అరవకుండా ఉంటాయి.

అక్షరాల సంగతికొస్తే, ట్యూబ్ మీద మొత్తం చిన్నా పెద్దా కలిపి యాభై పైన మాటలున్నాయి, నేను ఒక్కటి కూడా ఉంచలేదు. ఆ ఎర్ర పట్టీయే పేరుకి బదులు. ఇక్కడ సిస్టర్ కొరీటా కెంట్‌ని తలుచుకోవాలి. లాస్ ఏంజిల్స్‌లో నన్‌గా ఉంటూ కాలేజీలో ఆర్ట్ నేర్పిన ఆమె, 1962లో బ్రెడ్ కవరు మీది రంగు రంగుల చుక్కలని మాత్రం తీసుకుని స్క్రీన్ ప్రింట్ చేసింది. కవరు లేదు, బ్రెడ్ లేదు, ఉత్త గుండ్రాలు. అయినా ఆ కవరు చూసినవాళ్లకి తెలిసిపోతుంది. మీ వస్తువులో అలాంటి ఒక్క ముక్క, ఒక్క పట్టీ, ఒక్క మూల ఏమైనా ఉందా అని వెతకండి, ఒక్కోసారి వస్తువంతా గీయాల్సిన పనే ఉండదు.

రెండు సాంకేతిక విషయాలు ఇక్కడే చూసుకోవాలి. లేత రంగుల అంచులు నల్ల గీత సరిహద్దు దగ్గర ఆగిపోకూడదు, గీత కిందికి ఒక మిల్లీమీటరు దాకా చొచ్చుకుపోవాలి. ఎంత ఒడుపుగా ప్రింట్ చేసినా కాగితం వెంట్రుకవాసి కదులుతుంది, ఈ మిల్లీమీటరు లేకపోతే గీతకీ రంగుకీ మధ్య తెల్లగా సందు కనబడుతుంది. రెండోది, మూడు పొరల మీదా ఒకే చోట, బొమ్మకి బయట, చిన్న ప్లస్ గుర్తులు పెట్టుకోండి. తర్వాత పొర మీద పొర కుదర్చడానికి అవే దిక్కు.

చుక్కల నీడలు కావాలనుకునేవాళ్లకి ఒక మాట. ఇంకో పాప్ కళాకారుడు రాయ్ లిక్టెన్‌స్టీన్ బొమ్మల్లో కనిపించే చుక్కలు అచ్చు పరిశ్రమ నుంచి వచ్చినవే, బెంజమిన్ డే అనే ఆయన 1879లో కనిపెట్టిన పద్ధతి కాబట్టి బెన్ డే చుక్కలంటారు. పెద్ద చుక్కలైతే చేత్తోనే గీసుకోవచ్చు. కంప్యూటర్‌తో సన్న చుక్కలు చేస్తుంటే, అంగుళానికి ఎన్ని వరుసల చుక్కలు రావాలో లెక్క మెష్ మీద, అంటే స్క్రీన్‌కి బిగించిన వల గుడ్డ మీద, ఆధారపడుతుంది: మెష్‌లో అంగుళానికి ఉన్న దారాల సంఖ్యని ఐదుతో భాగించండి. 230 దారాల మెష్ అయితే 45 వరుసల దాకా వెళ్లొచ్చు, అంతకన్నా సన్నం చేస్తే చుక్కలు దారాల మధ్య మాయమైపోతాయి. చుక్కల కోణం కూడా సున్నా, తొంభై కాకుండా 22.5 డిగ్రీలు పెట్టుకుంటే మెష్ గళ్లతో కలిసి అలల్లాంటి చారలు పడడం తగ్గుతుంది.

ఎమల్షన్ లేకుండా మొదలుపెట్టాలంటే

ఎమల్షన్ అంటే వెలుతురు తగిలిన చోట గట్టిపడి మెష్‌ని మూసేసే ద్రవం. మొదటిసారి చేసేవాళ్లకి దాని జోలికి పోకుండా నేను కాగితం స్టెన్సిలే చెప్తాను. న్యూస్‌పేపర్ లాంటి పల్చటి కాగితంలో రంగు పడాల్సిన భాగం కత్తిరించి తీసేసి, ఆ కాగితాన్ని ప్రింట్ చేయబోయే షీట్ మీద పెట్టి, దాని మీదికి స్క్రీన్ దించి స్క్వీజీతో, అంటే రబ్బరు అంచున్న పలకతో, ఇంక్ లాగండి. మొదటి లాగుడికే ఇంక్ తడికి స్టెన్సిల్ స్క్రీన్ అడుగున అతుక్కుపోతుంది, ఇంక అక్కడే ఉంటుంది. మధ్యలో విడిగా ఉండాల్సిన ముక్కలు, అంటే సున్నా లోపలి గుండ్రం లాంటివి, విడిగా కత్తిరించి వాటి చోట ఊరికే పెట్టేయండి, జిగురు అక్కర్లేదు, అవి కూడా ఇంక్‌కే అంటుకుంటాయి. పదీ పదిహేను కాపీల తర్వాత కాగితం నాని చిరుగుతుంది. సన్న గీతలు రావు. కానీ ముద్ద ఆకారాలకి ఇది చక్కగా సరిపోతుంది, నా పసుపు పొరని ఇలాగే కూడా చేయొచ్చు.

స్క్రీన్ సిద్ధం చేయడం

ఫ్రేమ్ చెక్కదైనా అల్యూమినియందైనా ఫరవాలేదు, మెష్ మాత్రం డోలు తోలంత బిగుతుగా ఉండాలి. ఒకప్పుడు పట్టు వాడేవాళ్లు, ఇప్పుడంతా పాలియెస్టరే. కాగితం మీద ప్రింట్‌కి 77టి నుంచి 90టి మధ్య మెష్ అడగండి, అంటే సెంటీమీటరుకి అన్ని దారాలు, అంగుళాల లెక్కలో 195 నుంచి 230. బట్టల మీద వేసే 43టి కొనేస్తే ఇంక్ ధారగా దిగి గీతలన్నీ లావెక్కుతాయి.

ముందు గిన్నెల లిక్విడ్‌తో మెష్‌ని రెండు వైపులా రుద్ది జిడ్డు పోగొట్టి ఆరబెట్టండి. వేలి జిడ్డు ఉన్న చోట ఎమల్షన్ పట్టదు. తర్వాత మసక పసుపు వెలుతురులో, ఎండా ట్యూబ్‌లైటూ తగలకుండా, కోటర్ అనే పూత తొట్టితో రెండు వైపులా ఎమల్షన్ ఒక్కో పల్చటి పూత. కాగితానికి తగిలే వైపు కిందికి ఉండేలా ఫ్రేమ్‌ని పడుకోబెట్టి, చీకట్లో ఫ్యాన్ గాలికి పూర్తిగా ఆరనివ్వండి. ఇక్కడ తొందరపడితే అంతా పోతుంది, ముట్టుకుంటే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

మీ నల్ల గీతల బొమ్మని పారదర్శక ఫిల్మ్ మీదికి దించుకోవాలి, దీన్నే పాజిటివ్ అంటారు. లైటుకి ఎదురుగా పట్టుకుని చూస్తే నలుపులో నుంచి బల్బు కనబడకూడదు. కనబడితే అదే బొమ్మ రెండు ఫిల్మ్‌లు తీసి ఒకదాని మీద ఒకటి అతికించండి. స్క్రీన్ బయటి వైపు దాన్ని ఆనించి, పైన బరువైన గాజు పలక పెట్టి, యూవీ లైటు వేయాలి. స్క్వీజీ లాగే వైపు నుంచి చూసినప్పుడు బొమ్మ సరిగ్గా, తిరగబడకుండా కనిపించాలి, ఇది రెండుసార్లు చూసుకోండి.

లైటు ఎంతసేపు అన్నదానికి ఎవరి దగ్గరా ఒకటే జవాబు ఉండదు. బల్బు, దూరం, ఎమల్షన్ రకం, పూత మందం, అన్నీ మారుతుంటాయి. అందుకని మొదటి స్క్రీన్‌ని పరీక్షకే వదిలేయండి: అట్టముక్కతో కప్పి, నిమిషానికో అంగుళం చొప్పున అట్ట జరుపుతూ పోతే, ఒకే స్క్రీన్ మీద ఎనిమిది తొమ్మిది రకాల టైములు వస్తాయి. గోరువెచ్చని నీళ్లతో కడిగినప్పుడు ఏ పట్టీలో సన్న గీతలు శుభ్రంగా తెరుచుకుని, మిగతా ఎమల్షన్ గట్టిగా నిలబడిందో అదే మీ టైము. నేను ఈ పరీక్ష మానేసి అంచనాగా ఆరు నిమిషాలు పెట్టాను. కడుగుతుంటే ఎమల్షన్ జారుడుగా, చేతికి బంకలా తగిలింది, రెండు నిమిషాల్లో మూత మీది గాడులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి నీళ్లలో కొట్టుకుపోయాయి. అలా జారిందంటే లైటు తక్కువైనట్టు. ఎంత కడిగినా సన్న గీతలు తెరుచుకోలేదంటే ఎక్కువైనట్టు.

కడిగాక ఆరబెట్టి, కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. ఎక్కడైనా సూదిమొన అంత వెలుతురు కనబడితే అక్కడ టేపో, బొట్టు ఎమల్షనో పెట్టి మూసేయండి. ఫ్రేమ్ లోపలి నాలుగు అంచులకీ టేపు వేయడం మర్చిపోవద్దు, లేదంటే ఇంక్ మూలల్లో నుంచి కారి కాగితం అంచులు పాడుచేస్తుంది.

ఇంక్ లాగడం

ఇంట్లో చేసేవాళ్లకి నీటితో కడిగితే పోయే యాక్రిలిక్ ఇంకే మంచిది. మామూలు యాక్రిలిక్ రంగు అయితే స్క్రీన్ ప్రింటింగ్ మీడియం సగానికి సగం కలపాలి, అది కలపకపోతే మెష్‌లోనే గట్టిపడిపోతుంది. చెంచాతో తీస్తే జారీ జారనట్టు, గట్టి పెరుగులా ఉంటే సరిపోతుంది. కాగితం 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) మధ్యది తీసుకోండి, పల్చటిది ఇంక్ తడికి ఉబ్బి రెండో రంగు వేసేసరికి కొలతే మారిపోతుంది. ఇరవై కాపీలు కావాలంటే ఇరవై ఆరు షీట్లు కోసి పెట్టుకోండి, అంతా ఒకే సైజులో, ఎందుకంటే కాగితం మూలే మీకు కొలబద్ద.

స్క్రీన్‌ని తలుపులా పైకి లేచేలా పట్టే హింజ్ క్లాంపులతో బల్లకి బిగించి, ముందు వైపు మూలల కింద నాణెం మందం అట్టముక్కలు అంటించండి. మెష్ కాగితానికి రెండు మూడు మిల్లీమీటర్లు పైన తేలుతూ ఉండాలి, స్క్వీజీ వెళ్లే చోట మాత్రమే తగిలి వెంటనే పైకి లేవాలి. ఈ ఖాళీ లేకపోతే కాగితం మెష్‌కి అతుక్కుని అంచులు పులుముకుపోతాయి. క్లాంపుల దగ్గర కూడా అంత మందమే అట్ట వేయండి, లేకపోతే ఒక పక్క రంగు చిక్కగా, ఒక పక్క పల్చగా పడుతుంది.

ముందు స్క్రీన్ కొంచెం పైకెత్తి, స్క్వీజీని ఒత్తిడి లేకుండా తోస్తూ ఇంక్‌ని బొమ్మ అంతటా పరచండి. ఇప్పుడు స్క్రీన్ దించి, స్క్వీజీని మీ వైపుకి 45 నుంచి 60 డిగ్రీల మధ్య వంచి, రెండు చేతులతో ఒకే బరువుతో, మధ్యలో ఆగకుండా ఒక్క లాగుడులో లాగేయండి. సరిగ్గా పడిందా లేదా అన్నది చూడకముందే చెవికి తెలుస్తుంది: స్క్వీజీ వెనకాలే మెష్ కాగితాన్ని వదిలేస్తూ జిప్ తీసినట్టు ఒక సన్నటి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు మధ్యలో ఆగిందంటే అక్కడ అతుక్కుంది, ఇంకొంచెం ఖాళీ పెంచాలి. రాలేదు కదా అని అదే కాగితం మీద రెండోసారి లాగితే గీతలు జంటగా పడతాయి, ఆ షీట్ వదిలేసి ఇంకోటి తీసుకోండి. మొదటి మూడు నాలుగు పాత కాగితాల మీద లాగి, మెష్ ఇంక్ పీల్చుకున్నాకే మంచి కాగితం పెట్టండి.

ఒకసారి మొదలుపెట్టాక లేవొద్దు. ఏడో కాపీ దగ్గర ఫోన్ మోగితే నేను వెళ్లి ఐదు నిమిషాలు మాట్లాడి వచ్చాను, వచ్చేసరికి సన్న గీతలన్నీ మెష్‌లో ఎండిపోయి ఉన్నాయి, ఎంత తుడిచినా పూర్తిగా తెరుచుకోలేదు. తప్పనిసరిగా లేవాల్సి వస్తే స్క్రీన్ నిండా ఇంక్ పరిచి వెళ్లండి, తడి ఇంక్ కింద మెష్ కాసేపు బతుకుతుంది. పొడి గాలి ఉన్న గదిలో అయితే ఇంక్‌లో ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కూడా కాస్త కలపండి.

రెండో రంగు దగ్గరే అందరికీ టెన్షన్. లేత రంగు ముందు, ముదురు తర్వాత, నలుపు ఆఖర్న, ఈ వరుస తప్పకండి. పసుపు ఆరాక ఎరుపు సరిగ్గా దాని చోటే పడాలంటే ఈ పద్ధతి చేయండి: పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీట్ ఒకటి బల్లకి ఒక పక్క మాత్రమే టేపుతో అంటించి, దాని మీద ఎరుపు లాగండి. ఇప్పుడు పసుపు పడిన కాగితాన్ని ఆ షీట్ కిందికి జరిపి, పైనుంచి చూస్తూ ఎరుపు దాని చోట కూర్చునేదాకా అటూ ఇటూ సర్దండి. కుదిరిన క్షణంలో కాగితం కదలకుండా పట్టుకుని, దాని రెండు అంచులకి ఆనించి మూడు అట్టముక్కలు బల్లకి అతికించేయండి, పొడుగు అంచున రెండు, పొట్టి అంచున ఒకటి. ప్లాస్టిక్ షీట్ పక్కకి తిప్పేసి, మిగతా కాగితాలన్నీ ఆ మూడు ముక్కలకి ఆనించి పెట్టుకుంటూ పోవడమే. మొదటిసారి ఎర్ర మూత పసుపు భుజాల మీద కరెక్ట్‌గా కూర్చున్నప్పుడు కలిగే సంతోషం చెప్తే అర్థం కాదు, చేసి చూడాలి.

పని అవగానే స్క్రీన్ చల్లటి నీళ్లతో కడిగేయండి, పది నిమిషాలు కూడా ఆగొద్దు. అదే స్క్రీన్ మళ్లీ వాడాలంటే ఎమల్షన్ తీసే రసాయనం ఉంటుంది, దానికి గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

ఒకటే బొమ్మ పదే పదే

వస్తువు ఒక్కటే కాగితం మధ్యలో నిలబడాలా, వరుసలు వరుసలుగా ఉండాలా అన్నది ముందే తేల్చుకోండి. 1962 జులైలో లాస్ ఏంజిల్స్‌లోని ఫెరస్ గ్యాలరీలో వార్హోల్ పెట్టిన 32 సూప్ డబ్బాలు స్క్రీన్ ప్రింట్లని చాలామంది అనుకుంటారు, కాదు, చేత్తో వేసినవే. అడుగున ఉన్న పువ్వు గుర్తులని మాత్రం ముద్రతో అద్దాడు. ఒక్కోటి 20 అంగుళాల ఎత్తు, 16 వెడల్పు, దుకాణంలో సరుకు పేర్చినట్టు సన్నటి అరుగు మీద నిలబెట్టారు. అన్నీ ఒకేలా ఉంటాయి, లేబుల్ మీద సూప్ రకం పేరు మాత్రమే మారుతుంది. ఆ ఏడాది ఆఖరుకల్లా ఆయన స్క్రీన్ ప్రింట్‌కి మారిపోయాడు, కాగితం మీద పది సూప్ డబ్బాల ప్రింట్ల సెట్ 1968లో వచ్చింది, 250 కాపీలు.

ఆ 32 దగ్గర నేర్చుకోవాల్సిందేమిటంటే, పదేపదే వేసేటప్పుడు మారేది ఒక్కటే ఉండాలి. గళ్లు చేస్తున్నవాళ్లు ప్రతి గడిలోనూ అన్ని రంగులూ మార్చేస్తారు, దాంతో కన్ను దేని మీదా నిలబడదు. నేను తొమ్మిది ట్యూబులు మూడు వరుసల్లో పెట్టి, రంగులు ఏమీ మార్చకుండా, ట్యూబ్ ఖాళీ అవుతున్న కొద్దీ అడుగున చుట్టుకుపోయే మడత ఒక్కటే మార్చాను. మొదటి గడిలో నిండు ట్యూబ్, తొమ్మిదోదాంట్లో మూత, ఒక చుట్ట. దానికి నల్ల పొర మాత్రం తొమ్మిది సార్లు గీయాల్సి వచ్చింది, మూడు రాత్రులు పట్టింది, కానీ ఇంటికొచ్చినవాళ్లు మిగతావన్నీ దాటుకుని దాని ముందే ఆగుతున్నారు.

ఇంక్ కొన్నిచోట్ల పల్చబడి, ఒక కాపీకి ఇంకో కాపీకి చిన్న తేడాలు వస్తాయి. వాటిని చూసి చింపేయకండి. రంగు ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగిన కాపీయే నాకు చాలాసార్లు నచ్చుతుంది. మడతల మీది తెల్ల గీతలు పూడుకుపోయిన కాపీని మాత్రం నేను ఉంచను, ఎందుకంటే ఈ బొమ్మ ఆ గీతల కోసమే.

హక్కులు, సంతకం, దాచుకోవడం

మీ ఫొటోనే వాడమన్నది ఇందుకే. గాయకుడు ప్రిన్స్‌ని లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన ఫొటో ఆధారంగా వార్హోల్ చేసిన ప్రింట్ విషయంలో, అమెరికా సుప్రీం కోర్టు 2023లో ఫొటోగ్రాఫర్ వైపే తీర్పు ఇచ్చింది. అంత పేరున్నవాళ్లకే అలా ఉంటే మనం ఎవరి ఫొటోనో తీసుకోవడం ఎందుకు. కంపెనీ పేర్లూ లోగోలూ వేరే విషయం. క్యాంప్‌బెల్ కంపెనీ మార్కెటింగ్ మేనేజర్ 1964లో వార్హోల్‌కి మెచ్చుకుంటూ ఉత్తరం రాసి టమాటా సూప్ డబ్బాలు పంపాడు, కానీ అన్ని కంపెనీలూ అలా ఉండవు, చట్టం కూడా దేశానికో రకం. గోడకి తగిలించుకోవడానికైతే భయం లేదు గానీ అమ్మాలనుకుంటే లోగో తీసేసి, అక్షరాలు మీ సొంతంగా గీసుకోండి, బొమ్మ కూడా బాగుపడుతుంది.

ఇంకో పేరు కూడా చెప్పాలి. వార్హోల్ 1964లో చెక్కతో చేసి చూపించిన బ్రిల్లో (గిన్నెలు తోమే పీచు) పెట్టెల అసలు డిజైన్ జేమ్స్ హార్వేది. ఆయన కూడా చిత్రకారుడే, ప్యాకేజింగ్ డిజైన్ బతుకుతెరువు. మనం చేతిలో పట్టుకునే ప్రతి పెట్టె వెనకా అలా ఒకరు కూర్చుని ఈ ఎరుపా ఆ ఎరుపా అని ఆలోచించి ఉంటారు. నాకు ఆ సంగతి తెలిశాక ఏ వస్తువునైనా గీసేముందు ఆ పట్టీ అక్కడే ఎందుకు పెట్టారు అని చూడడం అలవాటైంది.

సంతకం పెన్సిల్‌తోనే, బొమ్మ కింద కుడి పక్కన. ఎడమ పక్కన నంబరు: ఇరవైలో మూడోదైతే 3/20. రంగులు పరీక్షిస్తూ తీసిన మంచి కాపీలు రెండు మూడు ఉంటే వాటికి నంబరు బదులు ఏ.పి. అని రాస్తారు, అంటే ఆర్టిస్ట్ ప్రూఫ్. ఇరవై అన్నాక ఇరవై ఒకటోది తీయకూడదు, కొన్నవాళ్లకి మనం ఇచ్చే మాట అది. ప్రింట్లు ఒకదానికొకటి తగలకుండా ఒక రాత్రి తీగ మీద క్లిప్పులతో వేలాడదీసి, తర్వాత మధ్య మధ్యలో పల్చటి కాగితం వేసి బల్లపరుపుగా పెట్టండి. ఫ్రేమ్ కట్టిస్తే ఎండ నేరుగా పడే గోడ వద్దు, రంగులు వెలిసిపోతాయి. నా 1/20 అద్దం పక్కన ఉంది, కిందే స్టాండులో ఇప్పటి ట్యూబ్ ఉంటుంది, దానికి గుంట ఈసారి ఎడమ పక్కన పడుతోంది.